ఉప్పుటేట్లో నేను పోసిన డీజిలు

మా ఇంట్లో ఆదివారమంటే డీజిలు వాసన. నాన్న రైల్వే షెడ్డులో ఫిట్టరు. ఆరు రోజుల జిడ్డు పట్టిన డ్యూటీ బట్టల్ని అమ్మ డీజిలు కలిపిన బకెట్లో నానేసి, సబ్బుపొడితో బండకేసి బాదేది. ఆ నల్లనీళ్లు క్వార్టరు వెనక మురిక్కాలవలోకి పోయేవి. నాన్న సర్వీసులో ఉండగానే పోతే ఆ ఉద్యోగం నాకొచ్చింది, దాంతోపాటు ఆ బకెట్టూ వచ్చింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టిన తెలుగుపిల్లకి జిడ్డు వదిలించడం ఒకరు నేర్పాలా ఏటి?

ఆ పొగరుతోనే మూడేళ్ల కిందట ఎండాకాలం సెలవు పెట్టి, శ్రీకాకుళం వైపు మా మేనత్త ఊరికి వెళ్లాను. సముద్రం పక్కనే ఊరు. అత్త ఉప్పుటేట్లో మొలలోతు నీళ్లలో దిగి, అరికాళ్లతో బురద తడిమి గుల్లలు ఏరుతుంది. వాటి మాంసం అమ్ముకుంటుంది. మావ పోయిన దగ్గర్నుంచి ఆమెకి అన్నం పెడుతున్నది ఆ ఏరే.

నేను వెళ్లేసరికి ఊరంతా గగ్గోలు. ఎక్కడో నడిసముద్రంలో ఓడ నూనె కారిందట, ఒడ్డు పొడుగునా తారు ఉండలు. ఇసక మీద నడిస్తే పాదాలకి జిగురు. పీతలు నల్లబడిపోయి కదల్లేకపోతున్నాయి. ఒక తాబేలు ముక్కు నిండా తారుతో చచ్చి పడుంది. చేపలు కొనే ఆసామి బుట్ట వాసన చూసి, మొహం తిప్పుకుని పోయాడు. ఏట్లోకి మాత్రం ఆ దరిద్రం ఇంకా రాలేదు. అత్తా పక్కిళ్లవాళ్లూ కలిసి ఏరు సముద్రంలో కలిసేచోట గడ్డిమోపులు, పాతవలలు అడ్డంకట్టి ఆపారు.

"ఏరు బతికితే నాను బతుకుతానే కోడలా," అంది అత్త.

కానీ వలలు, గంపలు అప్పటికే తారు పట్టిపోయాయి. "ఇంత దానికే ఏడుపేటత్తా? జిడ్డు సంగతి నాకొదిలెయ్," అన్నాను. బోటువాళ్ల దగ్గర డీజిలు తెచ్చి అత్త గంపల్ని ముంచి తీశాను. తారు వెన్నలా కరిగిపోయింది. అది చూసి ఊరంతా వలలు మోసుకొచ్చారు. సముద్రం ఒడ్డు ఎలాగూ పాడైంది కదా, తారు లేని నీళ్లలో కడుగుదామని అన్నీ ఏటిగట్టు మీద పెట్టి కడిగాను. రోజంతా చాకిరీ. ఆ డీజిలూ, సబ్బునీళ్లూ అన్నీ ఏట్లోకే. ఓలమ్మో, ఎంత మెచ్చుకున్నారో నన్ను! రైల్వేపిల్లంటే ఇలా ఉండాలన్నారు. ఒక్కరికీ అనుమానం రాలేదు. నాకసలే రాలేదు.

మూడోనాడు పొద్దున్న ఆటుకి నీళ్లు వెనక్కి తీసేసరికి బురదంతా గుల్లలు, నోళ్లు తెరుచుకుని. చేపపిల్లలు వెల్లకిలా తేలాయి. అత్త ఒక గుల్ల తీసి వాసన చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"ఓడోడు పోసిందాన్ని గడ్డేసి ఆపినాం. నువ్వు పోసిందాన్ని ఏటేసి ఆపమంటావే?"

తిట్టినా బావుండేది. సిగ్గుతో చచ్చిపోయాను, అక్కడే కూలబడి ఏడ్చాను. ఆ ఏడాదంతా అత్త పరాయిచోట జీడిపిక్కలు కొట్టే పనికి పోయింది. అరవయ్యేళ్ల మనిషి, జీడికి చేతులు పొక్కిపోయి.

బిలాస్‌పూర్ తిరిగొచ్చిన మొదటి ఆదివారం అదే బకెట్టు, అదే కాలవ. చెయ్యి లేవలేదు. ఆ కాలవ అర్పా నదిలోకి పోతుంది, అర్పా శివనాథ్‌లోకి, అది మహానదిలోకి, మహానది ఆ సముద్రంలోకే. చిన్నప్పుడు బళ్లో బట్టీ పట్టిన సంగతే! బుర్రలోకి ఇన్నాళ్లకి ఎక్కింది. గోల్ బజార్ వెళ్లి మూత గట్టిగా పట్టే డబ్బా కొన్నాను. బట్టలకి డీజిలు మానేశాను. రంపపు పొట్టు రాసి జిడ్డు దులిపి, ఆ పొట్టంతా డబ్బాలో దాచి, షెడ్డులో పాడునూనె వ్యర్థాలకి పెట్టిన డ్రమ్ములో వేస్తున్నాను.

"కా కరథస్ ఓ?" ఏం చేస్తున్నావే అని తన భాషలో అడిగి పక్క క్వార్టరామె నవ్వింది. డబ్బావాలీ అని పేరు పెట్టేశారు. అచ్ఛా, పెట్టుకోండి! అమ్మకైతే కోపమొచ్చింది. "మీ నాన్నకంటే తెలివైందానివా?" అంది.

"నాన్నకి తెలీదమ్మా. నాకు తెలిసింది. తెలిసాక కూడా పోస్తే నేను మనిషినేనా?"

మూడో ఆదివారం అమ్మే రంపపు పొట్టు జల్లించింది.

మరుసటేడు నా సెలవంతా ఆ ఏటికే ఇచ్చేశాను. దూరంగా ఉన్న ఇంకో ఏటినుంచి తడిగోనెల్లో పిల్లగుల్లలు మోసుకొచ్చాను, నడుం విరిగేలా. వాటిని బురదలో పరవడం మాత్రం అత్తే. "ఆ సేతుల్తో దిగకు," అని నన్ను గట్టు మీదే నిలబెట్టింది. మాట పడ్డాను. పడాలి కూడా. ఆ పై ఏడూ అంతే, మోతా గట్టూ. రెండేళ్లూ గుల్లలు సరిగా నిలవలేదు.

ఈ ఎండాకాలం వెళ్లేసరికి అత్త ఏటిగట్టు మీదే ఉంది, పక్కన ఖాళీ గంప. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"ఇంకా అదే వాసనే," అంది.

"ఉంటాదత్తా. నా కూడు అందులోనే ఉంది. ఎంత తోమినా పోదు."

అత్త ఏటికేసి చూసింది, నాకేసి చూసింది. గంప తీసి నా చేతిలో పెట్టింది.

"సేతికుంటే ఉండనీ. ఏట్లో లేదు. దిగు."

చీర ఎగ్గట్టి దిగాను. నాలుగడుగులేశానో లేదో, అరికాలి కింద గట్టిగా ఒకటి తగిలింది. దాని పక్కనే ఇంకొకటి.