ఫ్లాట్ బుష్ చెత్త యాత్ర

న్యూజిలాండ్ వెళ్ళినవాళ్ళు మంచుకొండలు చూస్తారు, నేలలోంచి పొగలు కక్కే వేడినీటి బుగ్గలు చూస్తారు, గొర్రెలతో ఫొటోలు దిగుతారు. రెండువేల ఏడు జులైలో నేను చూసింది చెత్త. వెటకారానికి అనడం లేదు. ఖమ్మం హైస్కూల్లో రిటైరయ్యేదాకా సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని. సంపద పంపిణీ అనే పాఠం నాకు అక్కడి గడ్డి మీదే సరిగ్గా అర్థమైంది.

మా చెల్లెలి కూతురు స్వప్న, అల్లుడు రవీందర్ ఆక్లాండ్ దక్షిణాన పాపకూరలో అద్దెకుంటారు. రవీందర్ వరంగల్‌లో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్‌గా చేశాడు. ఇక్కడికొచ్చి ఇంకో డిగ్రీ చదివి, అంత చదువూ చదివినందుకు ఇప్పుడు కోళ్ళ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తున్నాడు. వాళ్ళ బాబు చింటూకి రెండేళ్ళు. వాడు పడుకునే గది గోడ ఎప్పుడూ తడిగానే ఉంటుంది, మూలల్లో నల్లటి బూజు. ఆ చలికాలం దగ్గి దగ్గి రెండుసార్లు ఆసుపత్రి పాలయ్యాడు. గది పొడిగా, వెచ్చగా ఉంచమని డాక్టరమ్మ చెప్పింది. అదే మాట రంగుల్లో అచ్చేసిన కాగితం కూడా చేతిలో పెట్టింది. సొంత ఇల్లున్నవాళ్ళు గోడల్లో చలి ఆపే దూది లాంటిది పెట్టించుకోవాలంటే సర్కారు సాయం చేస్తుందని విన్నాను. అద్దెవాళ్ళకి చలి వెయ్యదు కాబోలు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళకైతే చేతులు మాత్రమే ఉంటాయి, ఊపిరితిత్తులుండవు.

వాళ్ళకు కావలసింది గదిలో తేమను లాగేసే మెషీన్. కొత్తది కొనాలంటే రవీందర్ వారం జీతం పెట్టాలి. అద్దెకు పోయే వారాలు, కరెంటుకు పోయే వారం తీసేస్తే మెషీన్ కొనే వారం క్యాలెండర్‌లో మిగలదు. నేను కొనిద్దామంటే నా పింఛను బకాయిలు విమానం టికెట్‌తోనే ఆవిరైపోయాయి.

దారి చూపించింది ఫ్యాక్టరీలో రవీందర్ పక్కన నిలబడి పనిచేసే మనిషి. ఒక్కో పేటకు ఒక్కో వారం వస్తుందట. ఆ వారం జనం అక్కర్లేని సామానంతా ఇంటి ముందు గడ్డి మీద పెడతారు. మన మునిసిపాలిటీ లాంటి కౌన్సిల్ వాళ్ళ లారీ వచ్చి ఎత్తుకెళ్తుంది. లారీ వచ్చేలోగా లేనివాళ్ళు వ్యాన్లేసుకొచ్చి ఏరుకుంటారు. ఇచ్చినవాడు ఇచ్చానని చెప్పుకోడు, తీసుకున్నవాడు దండం పెట్టడు, ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టే ఉంటారు. ఇంత మర్యాదైన సంక్షేమ పథకం మన దగ్గర ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ చూడలేదు. ఆ వారం వంతు ఫ్లాట్ బుష్‌ది. అంటే కొత్త ఇళ్ళు, పెద్ద ఉద్యోగాలు ఉన్న పేట.

శనివారం పొద్దున తొమ్మిది దాటాక పాపకూరలో రైలెక్కాం. వెళ్ళదలచినవారు చేతి తొడుగులు, ఒక తాడు, తినడానికేమైనా దగ్గరుంచుకోవాలి. స్వప్న మాకు పులిహోర కట్టిచ్చింది. రైల్లో ఎదురుగా కూర్చున్న తెల్లాయన నా చీరనూ, దాని మీద వేసుకున్న రవీందర్ జాకెట్‌నూ చూసి పలకరించాడు.

"సెలవులకి వచ్చారా?"

"అవును. ఇవాళ షాపింగ్."

"జాగ్రత్త, షాపుల్లో అన్నీ మండిపోతున్నాయి."

"మేం వెళ్ళే చోట ధరలు బాగానే ఉంటాయట" అన్నాను. రవీందర్ కిటికీలోంచి బయటకు చూస్తూ నవ్వు ఆపుకున్నాడు.

మధ్యలో దిగి బస్సు పట్టుకున్నాం. బస్సు దిగాక చాలాసేపు నడక. ఫ్లాట్ బుష్ కారు లేనివాళ్ళ కోసం కట్టిన ఊరు కాదు. ప్రతి ఇంటికీ రెండు కార్ల గ్యారేజీ, వీధిలో మాత్రం మనిషన్నవాడు లేడు. గడ్డి మీద పరుపులు, టీవీలు, ఎంత తొక్కినా ఎక్కడికీ పోని సైకిళ్ళు. మా స్కూలు స్టాఫ్ రూములో కుర్చీలు ఈ చెత్త కంటే అధ్వాన్నంగా ఉండేవి. మూడో వీధిలో రవీందర్ ఒక్కసారిగా ఆగి, చిన్నపిల్లాడిలా పరుగెత్తాడు.

"అత్తమ్మా, దొరికింది! వైరు గూడ కొయ్యలె. పాడైందైతే కోసి పడేస్తరు. ఇది నడుస్తది."

నడుం ఎత్తున్న తెల్లటి పెట్టె, కింద చక్రాలు. అతను దాన్ని పక్కకు లాగాడు. దాని వెనక నుంచి ఒక ఖాళీ సంచి జారిపడింది. సోనా మసూరి బియ్యం సంచి. రవీందర్ కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తలెత్తి చూస్తే గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం.

"నడువుండ్రి అత్తమ్మా. మనోళ్ల ఇల్లిది."

"మనవాళ్ళదైతే ఇంకా మంచిదే కదా?"

"రేపు దసరా ఫంక్షన్ల కలుస్తరు. మా మెషీన్ మంచిగ నడుస్తున్నదా అని అందరి ముంగట అడుగుతరు. నేను పోతున్న."

తెల్లవాళ్ళ చెత్త తెచ్చుకుంటే పొదుపు, తెలుగువాళ్ళ చెత్త తెచ్చుకుంటే అడుక్కోవడం. ఈ సూత్రం ఏ ఆర్థిక శాస్త్రంలోనూ లేదు గానీ వరంగల్ నుంచి ఆక్లాండ్ దాకా చెల్లుతుంది. నేను వాదన మొదలుపెట్టేలోపే తలుపు తెరుచుకుంది.

"తెలుగు వినపడితే వచ్చానండీ! ఎవరింటికొచ్చారాంటీ?" అంది ఒకావిడ. పేరు మాధవి, గుంటూరు, బ్యాంకులో ఉద్యోగం. ఇవన్నీ గుమ్మంలోనే చెప్పింది.

"ఇండ్లు చూస్తున్నమండి. ఈ సైడు కొందామని" అన్నాడు మా లెక్చరర్.

ఇంకేముంది, లోపలికి లాక్కెళ్ళింది. గదిని వెచ్చబెట్టే హీట్ పంపు తిరుగుతున్న ఆ హాల్లో నేను న్యూజిలాండ్ వచ్చాక మొదటిసారి చలి జాకెట్ విప్పాను. టీ, బిస్కట్లు వచ్చాయి. ఇంటి ధర, బ్యాంకు వడ్డీ, మంచి స్కూళ్ళు వరసగా వచ్చాయి. ఆ తర్వాత ప్రభుత్వం వచ్చింది.

"ఇక్కడ పేదవాళ్ళంటూ ఎవరూ ఉండరాంటీ. గవర్నమెంటు కూర్చోబెట్టి డబ్బులిస్తుంది. అంతా మేం కట్టే టాక్సులే. ఒళ్ళొంచనివాళ్ళకి తప్ప ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు."

"కరెక్టండి" అన్నాడు రవీందర్. రెండు షిఫ్టులు కలిపి చేసి వచ్చిన మనిషి.

అప్పుడే కిటికీ అవతల ఒక పాత వ్యాన్ ఆగింది. భారీ మనిషి ఒకామె దిగి, మెషీన్ వైరు చూసి, తృప్తిగా దాన్ని ఎత్తి లోపల పెట్టుకుంటోంది. రవీందర్ చేతిలో బిస్కట్ అలాగే ఉండిపోయింది. ఏడుపొచ్చే ముందు చింటూ ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది అతని ముఖం. నాకు ఒళ్ళు మండింది.

"మాధవీ, మేం ఇల్లు కొనడానికి రాలేదమ్మా. నువ్వు బయట పెట్టిన ఆ మెషీన్ కోసం వచ్చాం. ఇంట్లో పిల్లాడికి ఊపిరాడటం లేదు."

మాధవి బిత్తరపోయింది. కానీ చెప్పకపోతే తప్పు, వెంటనే సాక్సులతోనే బయటికి పరుగెత్తింది. అది మా వాళ్ళకి ఇచ్చేశాను, దించెయ్యమని ఇంగ్లీషులో గట్టిగా అంది. గడ్డి మీద ఉంది కదా, గడ్డి మీదున్నది ఎవరైనా తీసుకోవచ్చు కదా అంది వ్యాన్ ఆమె. సమోవా దీవుల మనిషి, పేరు సీనా. వ్యాన్ ముందు సీట్లో దుప్పటి చుట్టుకుని ఆమె కూతురు కూర్చుని ఉంది, నాలుగేళ్ళుంటాయి. ఆ పిల్ల దగ్గింది. ఆ దగ్గు నాకు బాగా తెలుసు, ఇంట్లో రోజూ వింటున్నదే.

మాధవి ఆ పిల్లను చూసింది, మమ్మల్ని చూసింది. "మీరూ మీరూ చూసుకోండాంటీ, స్టవ్ మీద పాలు పెట్టొచ్చాను" అని లోపలికెళ్ళిపోయింది. ఆమెను అనడానికేముంది, ప్రభుత్వాలకు కూడా సరిగ్గా ఇక్కడికొచ్చాకే స్టవ్ మీద పాలు గుర్తొస్తాయి.

"మీ వాడికెన్నేళ్ళు? ఎక్కడుంటారు?" అని అడిగింది సీనా. చెప్పాను. ఆమెదీ పాపకూరే, రైలు పట్టాలకు అవతల. కూతురి దుప్పటి సర్ది, "వారం మీకు, వారం మాకు. మీవాడు చిన్నోడు, ముందు మీరే తీసుకోండి" అంది. రవీందర్ తలూపాడు.

తిరుగు ప్రయాణం ఆమె వ్యాన్‌లోనే. పులిహోర నలుగురం తిన్నాం. సీనా పగలు వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు స్నానాలు చేయిస్తుంది, సాయంత్రం ఆఫీసులు ఊడుస్తుంది. ఒళ్ళొంచనివాళ్ళంటే ఇలా ఉంటారని అప్పుడు తెలిసింది.

ఆ వారం మెషీన్ అడుగునున్న డబ్బా రోజూ నిండేది. అన్ని నీళ్ళు చింటూ పీల్చే గాలిలోనే ఉండేవన్నమాట. వాడు దగ్గకుండా నిద్రపోతుంటే, ఎందుకు దగ్గడం లేదని స్వప్న లేచి లేచి చూసేది. శనివారం సీనా వచ్చింది. రవీందర్ డబ్బా ఖాళీ చేసి, వైరు చుట్టి, తనే తోసుకెళ్ళి వ్యాన్ ఎక్కించాడు. వద్దని ఎవరం అనలేదు. నాకు మాత్రం అనాలనిపించింది.

తర్వాతి శుక్రవారం నా విమానం. పక్క సీట్లో హైదరాబాద్ కుర్రాడు, ఏవో కంప్యూటర్ పనుల మీద వచ్చి వెళ్తున్నాడట. బెల్టు పెట్టుకుంటూ అడిగాడు. "ఎట్లుంది ఆంటీ కంట్రీ? సూపర్ కదా?"

"చాలా గొప్ప దేశం నాయనా. అక్కడ పిల్లలు వంతులవారీగా ఊపిరి పీల్చుకుంటారు."

జోకనుకుని నవ్వాడు. నేను కిటికీ వైపు తిరిగాను. ఆ వారం చింటూది కాదు.