కంచెలో గేటు

రాధారాణి ఇంట్లో పగలంతా పిల్లల సందడే. కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో కొత్తగా వెలిసిన ఆ వీధిలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లే ఎక్కువ. పక్కింటివాళ్ల పసివాణ్ణి ఓ వారం చూసిపెట్టడంతో మొదలైన పని 1985 నాటికి లైసెన్సున్న డే కేర్ అయింది. ఆరుగురు పిల్లలు, అందులో ముగ్గురికి ఇంకా నడకే రాలేదు. తెనాలిలో తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చంకనేసుకుని పెరిగిన రాధారాణికి అదొక పనిలాగే అనిపించేది కాదు.

ఆ వేసవిలో లైసెన్స్ ఆఫీసు నుంచి ఒకావిడ తనిఖీకి వచ్చింది. మందుల అలమర, పాల సీసాలు, ప్లగ్గులకు పెట్టిన మూతలు అన్నీ చూసి మెచ్చుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఇల్లు అంటుకుంటే ఈ పసివాళ్లని బయటికెలా తెస్తారు?" అని అడిగింది.

"ఎత్తుకొస్తాను."

"ముగ్గుర్నీ ఒకేసారా?"

రాధారాణి ఆ ప్రశ్ననే రాత్రి అన్నాల దగ్గర భర్త ముందు పెట్టింది.

భర్త కృష్ణమోహన్ తేలిగ్గా కొట్టిపారేశాడు. "క్రిబ్‌కి చక్రాలున్నాయిగా. ముగ్గుర్నీ అందులో వేసి పుష్ చేసుకుంటూ పోవడమే!"

శనివారం ఆ ఊచల మంచంలో పిల్లల బదులు బియ్యం సంచులు వేసి తోసి చూశారు. క్రిబ్ పడకగది గుమ్మంలో ఇరుక్కుంది. ఎటు తిప్పినా రాలేదు. ఏడాది ఉండిపోదామని గుడివాడ నుంచి వచ్చిన అత్తగారు రత్నమ్మ సోఫాలోంచి చూస్తూ, "ఏరా మోహనం, లోపలికి ఎలా వెళ్లిందిరా అది?" అంది.

"లోపలే బిగించానమ్మా," అన్నాడు అతను చెమట తుడుచుకుంటూ.

రాధారాణికి నవ్వొచ్చింది కానీ, ఆలోచన మాత్రం వదల్లేదు. పెద్ద గాజు తలుపున్న వెనక హాలులోకి క్రిబ్‌ని మార్పించింది. ఆ తలుపు జరిపితే క్రిబ్ సాఫీగా పెరట్లోకి దొర్లింది. అక్కడితో దారి ఆగిపోయింది. పెరట్లోంచి వీధిలోకి రావాలంటే ఇంటి గోడను ఆనుకుని సన్నటి సందు ఒక్కటే ఉంది. గ్యాస్ మీటరూ చెత్త డబ్బాలూ ఆ సందులోనే, క్రిబ్ పట్టదు. మిగతా మూడు వైపులా చెక్క కంచె.

వెనక కంచెకు అవతల వీలర్ అనే ముసలాయన ఒక్కడే ఉండేవాడు. రెండేళ్లలో రాధారాణికీ ఆయనకూ మధ్య గుడ్ మార్నింగ్ తప్ప మాట లేదు. గిన్నెలు కడుగుతూ అడగవలసిన ఇంగ్లీషు ముక్కలన్నీ కూడబలుక్కుని, ఒకరోజు ఆయన తలుపు తట్టింది రాధారాణి. మంటలొస్తే పిల్లల క్రిబ్‌ని ఆయన పెరట్లోకి తోసుకొచ్చేందుకు కంచెలో చిన్న గేటు పెట్టుకోనివ్వమని అడిగింది.

వీలర్ ఆమె మాట పూర్తిగా విన్నాడు. "ఆ కంచె మీద పాకిన గులాబీ మా ఆవిడ నాటింది. ఇప్పుడు ఆవిడ లేదు. కుదరదండీ," అన్నాడు.

రాధారాణికి కోపం రాలేదు. అలాంటి మొక్కను కదిలించమని అడిగినందుకు తనకే చిన్నతనమనిపించింది. ఉన్న దారిలోనే నెలకోసారి, మంటలొస్తే బయటపడే డ్రిల్ చేయిస్తూ వచ్చింది. అలారం మోగగానే రత్నమ్మ, "రండర్రా, రండర్రా!" అంటూ లేచేది. నడిచే పిల్లలు ఆవిడ కొంగు పట్టుకుని సందులోంచి వీధిలోకి వరసగా నడిచేవాళ్లు. తెలుగు ముక్క రాని జేసన్ కూడా ఆ కేక వింటే చాలు, బొమ్మలు పారేసి పరుగెత్తుకొచ్చేవాడు.

ఒకసారి అలా డ్రిల్ జరుగుతుండగా వీలర్ నిచ్చెనెక్కి గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్నాడు. రాధారాణి పెరట్లోకి తోసుకొచ్చిన క్రిబ్‌లోంచి ఒక బిడ్డను ఎత్తుకుని సందు వైపు నడిచింది.

"మరి ఆ ఇద్దరూ?" అన్నాడు వీలర్ పైనుంచి.

"వాళ్లకోసం మళ్లీ వస్తాను."

క్రిబ్‌లో నిలబడి ఏడుస్తున్న పిల్లల్ని ఆయన చూశాడు. కొమ్మలు వదిలేసి నిచ్చెన దిగిపోయాడు.

ఆ ఆదివారం పొద్దున్నే వీలర్ కొలత టేపు పట్టుకుని వచ్చి, క్రిబ్ వెడల్పు కొలిచి వెళ్లాడు. కాఫీ తాగేలోపే రంపం చప్పుడు వినపడింది. గులాబీ తీగ అంతదాకా పాకని మూలలో, ఎండుటాకులు పోసుకునే చోటంతా శుభ్రం చేసి, కంచె కోస్తున్నాడాయన. "మొదటి రోజే ఈ మూల గుర్తు రావలసింది నాకు," అన్నాడు, రాధారాణి ముఖంలోకి చూడకుండా. కృష్ణమోహన్ సుత్తి తీసుకుని పరుగెత్తాడు. సాయంత్రానికి గేటు సిద్ధమైంది. గడియ పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టారు.

మరుసటి వసంతంలో వీధి తవ్వుతున్న పనివాళ్లు ఇంటి ముందరి గ్యాస్ పైపు పగలగొట్టారు. వాసన తగలగానే రాధారాణి గాజు తలుపు జరిపింది. రత్నమ్మ కేక వేసింది. పిల్లలు నెలనెలా ఆడే ఆటలాగే కొంగు పట్టుకున్నారు. క్రిబ్ గేటులోంచి దూరి గడ్డి మీద దొర్లుకుంటూ పోయింది. ఫైరింజన్ కూత వినపడేసరికి అందరూ వీలర్ పెరట్లో ఉన్నారు. రాధారాణి ఒక్కొక్కరినీ తాకి, పేరు పెట్టి పిలిచి లెక్క చూసుకుంది. ఆ తర్వాతే గడ్డి మీద కూర్చుంది.

వీలర్ ఇంట్లో లేడు. బజారు నుంచి తిరిగొచ్చి చూస్తే, ఆయన ఊగుడు కుర్చీలో రత్నమ్మ జేసన్‌ని ఒళ్లో పెట్టుకుని ఊగుతోంది. గడ్డి నిండా పిల్లలు. జరిగింది విని ఆయన చేతిలోని సంచిలోకి చూసుకున్నాడు.

"పాలు ఒక్క డబ్బాయే తెచ్చాను. చాలవేమో," అన్నాడు.

పైపు బాగయ్యేదాకా తమ ఇంట్లోకి వెళ్లే వీల్లేక, రాధారాణి ఆయన ఫోను నుంచే పిల్లల తల్లులందరికీ కబురు చేసింది. సాయంత్రం ఒక్కొక్క తల్లీ కంగారుగా వచ్చి వీలర్ తలుపు కొట్టింది. తలుపు తీయడం, "అందరూ క్షేమమే, రండి," అని లోపలికి పిలవడం ఆయనే చేశాడు. మూడో తల్లి వచ్చేసరికి ఏ బిడ్డ ఎవరిదో కూడా ఆయనకు తెలిసిపోయింది.

అందరూ వెళ్లాక రాధారాణి థాంక్స్ చెప్పబోయింది. ఆయన వినిపించుకోలేదు.

"ఇకనుంచి ఆ డ్రిల్ మంగళవారాలు పెట్టుకోండి. మంగళవారం నేనెక్కడికీ వెళ్లను," అన్నాడు.