సౌందరం టికెట్టు

కంప్యూటర్ ముందు కూర్చోగానే సౌందరం కొంగుతో తెర తుడుస్తుంది, ఆ తర్వాతే కళ్లజోడు పెట్టుకుంటుంది. కోయంబత్తూరులో తమ తెలుగువాళ్ల సంఘం జరిపే మూడు రోజుల పాటల పండుగకు వెబ్‌సైట్‌లో టికెట్లమ్మే ప్లగిన్ పెట్టి, ఏ రోజుకారోజు విడి టికెట్ అమ్మకానికి ఉంచింది ఆవిడే. ఒక్కటీ తెగలేదు. తెగకపోతే పండుగే వద్దంది సంఘం. లోపమెక్కడా అని బటన్లన్నీ నొక్కి చూసింది; అన్నీ శుభ్రంగా పనిచేస్తున్నాయి. ఆఖరికి వెంకటమ్మాళ్ అత్తకు ఫోన్ చేసి అడిగింది.

"బొట్టు పెట్టి పిలవకుండా ఎట్ల వచ్చేది మా?" అంది అత్త.

మర్నాటి నుంచి సౌందరం ఒక చేత కుంకుమ భరిణె, ఒక చేత ఫోను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. బొట్టు పెట్టిన గడపలోనే టికెట్లు తెగాయి. పండుగ రేపనగా కూతురు మధుమిత అడిగింది: "నువ్వు ఏ రోజుకి బుక్ చేస్తివి మా?"

సౌందరం కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"నన్నెవరు పిలిచిరి?"