ఎడమ ముందు చక్రం

తన చెప్పులు తను విడిచిన చోటే ఉన్నా, మధ్యలో ఎవరైనా తొడుక్కుని తెచ్చి పెట్టారేమోనని ఒకసారి తిప్పి చూసుకునే రకం ఓబులయ్య. దోహాలో, మదీనత్ ఖలీఫాలో ఒక ఖతరీ కుటుంబానికి ఏళ్ల తరబడి ఇంటి డ్రైవరు. భార్య ఆంజనమ్మ ఫోన్లో ఊరి కబుర్లు చెబుతుంటే, నీకెవరు చెప్పారు, వాళ్లకెవరు చెప్పారు అని కూపీ లాగుతాడు. నీకు నీ నీడ మీద కూడా నమ్మకం లేదని ఆమె విసుక్కుని ఫోను పెట్టేస్తుంది. నమ్మకం లేదన్న మాట నిజమే కాబట్టి ఆయన కూడా పెద్దగా నొచ్చుకోడు.

పుట్టుకతోనే అలాంటివాడేం కాదు. రాయచోటి దగ్గరి పల్లెలో పుట్టి, వేరుశనగ బస్తాలు తోలే లారీ మీద క్లీనరుగా చేరి, మేస్త్రీ చేత మొట్టికాయలు తింటూ పని నేర్చుకున్నాడు. ఖతర్ వచ్చాక మొదట అల్ వుకైర్‌లో ఒక ఇంట్లో కుదిరాడు. అక్కడి రెండో డ్రైవరు, ఓబులయ్య స్టీరింగు ముందు నిద్రపోతున్నాడని యజమాని చెవిలో ఊదాడు. యజమాని అవునా కాదా అని అడగనైనా లేదు. ఆ సాయంత్రానికే పెట్టె సర్దించాడు. చెప్పుడు మాటలు చేటు అంటారు గానీ, ఆ చేటు చెప్పినవాడికి కాదు, ఎవడి మీద చెబుతారో వాడికే వస్తుందని ఓబులయ్యకు ఆ రోజు తెలిసింది. అప్పట్నుంచి పక్కన ఎవరు నిలబడినా ఒక కన్ను వాళ్ల మీదే ఉంచడం అలవాటైంది.

ఇప్పటి యజమాని మంచివాడు. పనివాళ్లంతా ఆయన్ని బాబా అంటారు. చలికాలం మొదలవగానే ఆ ఇంటివాళ్లు దక్షిణాన ఇసుక దిబ్బల దగ్గర గుడారాలు వేసుకుంటారు. నాలుగు నెలలపాటు ప్రతి శుక్రవారం అక్కడే. ఇసుకలో రోడ్డు టైర్లు దిగబడిపోతాయి కాబట్టి పెద్ద బండికి రెండు జతల చక్రాలుంటాయి. చలికాలం ముందు రోడ్డు చక్రాలు విప్పి ఇసుక చక్రాలు వెయ్యాలి, ఎండలు ముదిరాక మళ్లీ రోడ్డు చక్రాలు. చాలామంది ఈ పని షాపులో చేయించుకుంటారు. బాబా మాత్రం ఇంటి దగ్గరే ఓబులయ్య చేత చేయిస్తాడు. ఆ పని నాడు ఓబులయ్య హోదా వేరు. దుప్పటి పరిచి, బోల్టులన్నీ ఒక గిన్నెలో పోసి, జాకీ ఎత్తుతుంటే ఎవరూ పలకరించకూడదు.

ఈసారి ఇసుక చక్రాలు వేసేటప్పుడు మేస్త్రీ నేర్పిన పద్ధతి పాటించాడు. పోయిన ఏడాది ముందున్నవి వెనక్కి, వెనకవి ముందుకి, అదీ అడ్డంగా, ఎడమది కుడికీ కుడిది ఎడమకీ మార్చి వేశాడు. అలా చేస్తే టైర్లు నాలుగూ సమానంగా అరుగుతాయి. ప్రతి చక్రంలోనూ గాలి ఎంతుందో బండికి చెప్పే చిన్న సెన్సరు ఉంటుంది. చక్రాలు మార్చాక కొత్త జత వేశామని బండికి చెప్పాలి. ఓబులయ్య స్టీరింగు పక్కనున్న తెర మీద రెండో జత అని ఎంచుకుని, దీపం మూడుసార్లు మిణికి ఆరిపోయేదాకా బటను నొక్కి పట్టుకున్నాడు. దీపం ఆరింది, పనైపోయింది అనుకుని చేతులు కడుక్కున్నాడు.

సరిగ్గా ఆ నెలలోనే ముఖీత్ వచ్చాడు. బోధన్ కుర్రాడు, ముప్పై లోపే. బిర్కత్ అల్ అవామిర్‌లో సామాన్ల గోదాముల మధ్య ట్రక్కు తోలేవాడట. ఆ కంపెనీ మూతపడితే పిల్లల్ని బడికి తిప్పడానికి బాబా పెట్టుకున్నాడు. వచ్చిన రోజే కాకా అని వరస కలిపి సలాం చేశాడు. అంత వినయం ఓబులయ్యకు మింగుడు పడలేదు. ఉన్నది ఒక్క పెద్ద బండి, తనకు యాభై దాటాయి, మరి రెండో డ్రైవరు ఎందుకు? తన కుర్చీ కిందికి నీళ్లు తెస్తున్నారని అనిపించింది. ఈ ఇంట్లో చక్రాల పని తనదనీ, వాటి జోలికి ఎవరూ రాకూడదనీ మొదటి రోజే ముఖీత్‌కు గట్టిగా చెప్పాడు. వాడు సరే కాకా అని తలూపాడు.

తర్వాత వారమే తెర మీద పసుపు దీపం వెలిగింది. ఎడమ ముందు చక్రంలో గాలి తక్కువగా ఉందట. ఓబులయ్య దిగి గాలి మీటరు పెట్టి చూస్తే అక్కడ గాలి నిండుగా ఉంది. రెండు రోజులు పోయాక మళ్లీ దీపం, మళ్లీ అదే చక్రం, మళ్లీ మీటరులో గాలి సరిగ్గానే ఉంది. ఇంకొకడైతే దీపానికే ఏదో రోగమనుకుని ఊరుకునేవాడు. ఓబులయ్య ఊరుకోలేదు, లెక్క కట్టాడు. బండి తన చేతికి వచ్చిన రోజే దీపం వెలుగుతోంది. ముఖీత్ తీసుకెళ్లిన రోజు వెలగడం లేదు. అంటే ఎవరో గాలి తీస్తున్నారు, తను మీటరు తెచ్చేలోగా మళ్లీ కొడుతున్నారు.

వంటమనిషి సుభాషిణిది అమలాపురం వైపు. ఆమె ఉల్లిపాయలు కోస్తుంటే ఈ లెక్కంతా విప్పి చెప్పాడు. ఆమె కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"గాలి తీసేవాడు మళ్లీ ఎందుకు కొడతాడండీ అన్నయ్యగారూ? వాడికి వేరే పని లేదా?"

దొరక్కుండా ఉండడానికేనన్నాడు ఓబులయ్య. పచ్చకామెర్ల వాడి సామెత చెప్పి ఆమె పప్పు పొయ్యి మీద పెట్టుకుంది. ఈమె కూడా వాడి పక్షమేనేమోనన్న అనుమానం అప్పుడే మొలకెత్తింది. రెండు రోజులు ఆమె పెట్టిన చాయ్ కూడా తాగలేదు.

ఒక ఉదయం, ఫజర్ నమాజు అయ్యి తెల్లవారుతుండగా, ఓబులయ్య తన గది కిటికీలోంచి చూశాడు. ముఖీత్ బండి కుడి వెనక చక్రం దగ్గర గొంతుకూర్చున్నాడు. చేతిలో వాల్వు మూత ఉంది. బుస్సుమని గాలి చప్పుడు వినబడింది. వాడు అటూ ఇటూ చూసి, మూత బిగించి, ఏదో చిన్న సంచిని సీటు కింద దోపాడు. ఇన్నాళ్ల అనుమానం నిజమైనందుకు ఓబులయ్యకు పండగలా ఉంది. తెర చెప్పేది ముందు చక్రం గురించి, వాడు కూర్చున్నది వెనక చక్రం దగ్గర అన్న చిక్కు మాత్రం మిగిలింది. ఈ రోజు వెనకది మొదలుపెట్టాడు కాబోలు అని సర్ది చెప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే బాబా దగ్గరికి వెళ్లాడు. తన కళ్లతో చూశానని, పిల్లలు ఎక్కే బండికి గాలి తీస్తున్నాడని చెప్పాడు. పిల్లలన్న మాట వినగానే బాబా మొహం మారింది. ఈ శుక్రవారం గుడారాల పని అవనివ్వు, ఆ తర్వాత వాణ్ణి పంపించేస్తానన్నాడు. పంపడమంటే ఇంకో ఇంటికి కాదు, వీసా రద్దు చేయించి బోధన్‌కే. ఓబులయ్య బయటికొచ్చి చాన్నాళ్ల తర్వాత కడుపులో చల్ల కదలకుండా నిద్రపోయాడు.

శుక్రవారం పొద్దున ఇంటివాళ్లు బాబా సొంతంగా నడుపుకునే వేరే బండిలో ముందే వెళ్లారు. సామాన్లు వేసుకుని ఓబులయ్య పెద్ద బండిలో ఒక్కడే బయల్దేరాడు. ముఖీత్‌ను ఇంటి దగ్గరే ఉండమన్నారు. మెసయీద్ దాటాక, రోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట గాలివాళ్ల షెడ్లు వరసగా ఉంటాయి. ఇసుకలోకి దిగే ప్రతి బండీ అక్కడ ఆగి చక్రాల్లో సగం గాలి తీయించుకోవాలి, వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ కొట్టించుకోవాలి. చక్రం మెత్తబడి వెడల్పైతేనే ఇసుక మీద తేలుతుంది.

ఓబులయ్య ఎప్పుడూ దిగి నిలబడి తీయించేవాడు. ఆ రోజు మోకాలు నొప్పిగా ఉండి సీట్లోనే కూర్చుని, అద్దం దించి, తెర మీద అంకెలు చూస్తూ ఉన్నాడు. ఆ దేశంలో స్టీరింగు ఎడమ పక్కే ఉంటుంది. బంగ్లాదేశ్ కుర్రాడొకడు వచ్చి సరిగ్గా ఓబులయ్య మోచేతి కింద, ఎడమ ముందు చక్రం దగ్గర కూర్చుని వాల్వు తెరిచాడు. గాలి బుస్సుమంది. తెర మీద ఎడమ ముందు అంకె కదల్లేదు. కుడి వెనక అంకె తగ్గుతోంది.

ముఖీత్ తెరను కూడా పాడుచేశాడన్నది ఓబులయ్యకు తోచిన మొదటి మాట. ఈలోగా గాలి కుర్రాడు చుట్టూ తిరిగి కుడి వెనక చక్రం దగ్గరికి వెళ్లి, ఇందులో ముందే గాలి సగమే ఉందని, టైరు అంచులో ఇసుక ఇరుక్కుని కొద్దికొద్దిగా కారుతోందని హిందీలో అరిచి చెప్పాడు. వాల్వు తెరిచాడు. తెర మీద ఎడమ ముందు అంకె తగ్గడం మొదలైంది.

ఓబులయ్య చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి. తెర అబద్ధం చెప్పలేదు. పోయిన ఏడాది ఏ చక్రం ఎక్కడుండేదో ఆ పాత లెక్కనే పాపం ఇప్పటికీ అప్పజెబుతోంది. అడ్డంగా మార్చింది తన చేతులే. ఏది ఎక్కడికి పోయిందో బండికి నేర్పకుండా బటను నొక్కి వదిలేసింది కూడా తన చేతులే. గాలి పోతున్నది కుడి వెనక చక్రంలో. తను పదే పదే మీటరు పెట్టింది నిక్షేపంగా ఉన్న చక్రానికి. ముఖీత్ ఆ పొద్దున కూర్చున్నది సరైన చక్రం దగ్గరే. వాడు గాలి తియ్యడం లేదు, కొడుతున్నాడు. సీటు కింద దోపిన సంచిలోది పంపు, ఆ చప్పుడు దాని గొట్టం ఊడదీసినప్పటిది. అందుకే వాడి చేతిలో బండి ఉన్న రోజు దీపం వెలగలేదు.

ఎవరికీ చెప్పకుండా ఊరుకోవచ్చన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది, కాసేపు కూర్చుంది కూడా. ఎల్లుండికల్లా ముఖీత్ విమానం ఎక్కేస్తాడు. తను ఒక మధ్యాహ్నం చక్రాల లెక్క సరిచేసుకుంటే దీపం ఆరిపోతుంది, కుర్చీ తనదే. నిజం చెబితే, పిల్లలెక్కే బండిని ఇన్నాళ్లు కారే చక్రంతో తిప్పిన ముసలి డ్రైవరు తనే అవుతాడు. కానీ అల్ వుకైర్‌లో తన మీద చాడీ చెప్పినవాడి మొహం ఎంత గుర్తు తెచ్చుకున్నా రాలేదు, దాని బదులు తన మొహమే కనిపించింది. గాలి కుర్రాడు రెండుసార్లు యల్లా, కదలండి అంటేగానీ బండి కదిలించలేకపోయాడు.

గుడారం దగ్గర బాబా ఒంటరిగా దొరికేదాకా ఆగి, వచ్చిన హిందీలో, రాని అరబ్బీలో, ఉన్నదున్నట్టు చెప్పాడు. కళ్లతో చూశానన్నావు కదా అని బాబా అడిగాడు.

"చూసింది నిజమే బాబా," అన్నాడు ఓబులయ్య. "అనుకునింది తప్పు."

బాబా కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఇద్దరూ ఉండండి అన్నాడు. కానీ బట్టలు సర్దుకోమని ముఖీత్‌కు నిన్ననే చెప్పేశాననీ, ఎవరు చెప్పారని వాడడిగితే నీ పేరు కూడా చెప్పాననీ అన్నాడు. పోవద్దని నువ్వే వెళ్లి చెప్పమన్నాడు.

శనివారం ఇంటికి వచ్చేసరికి ముఖీత్ సంచి కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఓబులయ్య గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాడు. ఆ చక్రం కారుతోందని నీకు తెలుసు కదా, నాకొక మాట చెప్పి ఉండొచ్చు కదా అని, తప్పంతా తనదేనని తెలిసి కూడా, అడిగాడు.

"చక్రాల జోలికి రావొద్దని మీరే జెప్పిన్రు గద కాకా," అన్నాడు ముఖీత్. "బండి సుట్టూ తిరిగి టైర్ల మీద చెయ్యేసి సూసుడు నాకు అలవాటు. గాలి తక్కువున్నది. జెప్తే మీ పనికి వంక పెట్టినట్టు అయితదని, పొద్దుగాల నేనే కొట్టిన. పెద్దమనిషి, ఎందుకు చిన్నబుచ్చుడు అనుకున్న."

తప్పు నాదే నాయనా అన్నాడు ఓబులయ్య. వాడు తలూపి సంచి విప్పుకున్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి ఆ చక్రాన్ని షాపుకు తీసుకెళ్లి అంచులో ఇసుక తీయించారు. ఇంటికొచ్చాక ఓబులయ్య బండితో ఇచ్చిన పుస్తకంలో ఉన్న ప్రకారం చేశాడు. తాళం తిప్పి ఉంచి, ఎడమ ముందు చక్రంతో మొదలుపెట్టి ఒక్కో చక్రంలో కొంచెం గాలి వదిలాడు. ఏ చక్రం ఎక్కడుందో అర్థమైనప్పుడల్లా బండి ఒకసారి హారన్ కొట్టింది. లోపల కూర్చుని ముఖీత్ అంకెలు చదివాడు. నాలుగు హారన్లూ మోగాయి, దీపం మళ్లీ రాలేదు. సుభాషిణి ఇద్దరికీ చాయ్ తెచ్చి, ఏమీ అడక్కుండా ఇచ్చి వెళ్లిపోయింది. ఓబులయ్యకు బరువు దిగినట్టయింది.

మర్నాడు పొద్దున పిల్లల బడి టైముకి ఓబులయ్య తాళాలు తీసుకుని వాకిట్లోకి వచ్చాడు. ముఖీత్ చెయ్యి చాపలేదు. జేబులోంచి ఫోను తీసి, ఒక్కో చక్రం దగ్గరికి వంగి వీడియో తీశాడు. తలుపు తెరిచి తెర మీది నాలుగు అంకెలూ తీశాడు. తర్వాత ఫోను ఓబులయ్య మొహం వైపు తిప్పాడు.

"బండి మంచిగున్నదని ఒక్క మాట జెప్పున్రి కాకా," అన్నాడు. గొంతులో కోపం లేదు, ఎప్పటి వినయమే ఉంది. "ఏమనుకోకున్రి. నా నౌకరీ గూడ ఉండాలె గద."

ఓబులయ్య ఫోను వైపు చూశాడు. బండి బాగుందని అన్నాడు. ముఖీత్ ఆ వీడియోను మొదట్నుంచి ఒకసారి చూసుకుని, అప్పుడు తాళాలు తీసుకున్నాడు.