దిగిన ముల్లు

నిన్న అలిపిరి దగ్గర తనిఖీ వరుసలో నా టాక్సీకి ముందున్న కారు బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. వెంటనే ఇంజనును చల్లబరిచే కూలెంట్ కాలిన తియ్యటి వాసన నా కిటికీలోంచి లోపలికి వచ్చింది. వెనక సీట్లో యాత్రికులు మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను మాత్రం ఇంజను వేడి చూపే ముల్లు వైపు చూశాను. నా బండిలో ముల్లు సగం దగ్గర కదలకుండా ఉంది. అయినా ఇంకో రెండుసార్లు చూశాను. ఆ వాసన వస్తే నాకు భువనేశ్వరి మేడం గుర్తొస్తారు. ఆమె పోయి రెండేళ్లయింది.

మేడం పుత్తూరు వైపు పశువుల డాక్టరు. నేను ఆరేళ్లు ఆమె కారు నడిపాను. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఏ పల్లెకు వెళ్లినా ముందు ఆవు చెవులు పట్టుకుని వేడి చూసి, ఆ తర్వాతే రైతుతో మాట్లాడేవారు. కారు గురించి ఆమెకు ఏమీ తెలియదు. నాకు అంతా తెలుసని అనుకునేవాణ్ణి.

ఒక మే నెల మధ్యాహ్నం నాగలాపురం అవతలి పల్లె నుంచి ఫోను వచ్చింది. ముందురోజు ఈనిన ఆవు పడిపోయిందట, లేవడం లేదట. ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క ఆవే. రైతు భార్య ఫోనులో ఏడుస్తోంది. మందు సీసాలు పెట్టుకుని బయలుదేరాం. కొంత దూరం పోయేసరికి ఇంజను వేడి చూపే ముల్లు సగం దాటి ఎర్రగీత వైపు ఎక్కసాగింది. ఏసీ ఆపేశాను. పొద్దున బండిలో నీళ్లు చూసుకోలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆగితే ఆవు దక్కదు, ఆగకపోతే ఇంజను దక్కదు. మేడంకు చెప్పకుండా అలాగే పోనిచ్చాను. ఇంతలో ముల్లు ఉన్నట్టుండి కిందికి జారి అడుగున పడింది. “అమ్మయ్య!” అని పైకే అనేశాను.

“ఏమైందప్పా మునిరత్నం?” అన్నారు మేడం.

“బండి వేడెక్కింది మేడం. ఇప్పుడు దిగిపోయింది. భయం లేదు.”

“నీళ్లు పోసినావా?”

“లేదు మేడం.”

“మరి ఎందుకు దిగింది?”

నేను ముల్లు వైపే చూస్తూ బండి పోనిచ్చాను.

“ఆపు బండి.”

“ఆవు చచ్చిపోతాది మేడం!”

“ఈనిన ఆవుకు వచ్చేది పాలజ్వరం. పేరుకే జ్వరం గానీ, ఆ రోగానికి ఒళ్లు చల్లబడతాది. చల్లబడింది గదా అని ఊరుకున్నోళ్ల ఆవులే చచ్చేది. ఆపప్పా.”

ఆపాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. మేడం అటుగా వస్తున్న పాల ఆటోను ఆపి, సీసాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. “ఆవిరి పోయేదాకా మూత తియ్యబాకు, మొగం కాల్తాది,” అని వెళ్లిపోయారు.

రెండు గంటలు రోడ్డు పక్కన నిలబడ్డాను. ఆవు చస్తే ఆ పాపం నాదే అనిపించింది. చివరికి ఫోను మోగింది. “లేచి నిలబడింది. నీళ్లు తాగతా ఉండాది,” అన్నారు మేడం. సాయంత్రం మెకానిక్ చీలిపోయిన గొట్టం చూపించాడు. “నీళ్లన్నీ కారిపోతే ముల్లుకు వేడి తగలదన్నా, అందుకే పడిపోయింది. ఇంకొంచెం దూరం పోయింటే ఇంజను పట్టేసేది,” అన్నాడు.

కొన్నేళ్ల తర్వాత మా చిన్నమ్మాయికి డెంగీ వచ్చింది. నాలుగో రోజు జ్వరం దిగింది. ఇంట్లో అందరి ముఖాలూ తేటపడ్డాయి. పిల్ల చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి, కడుపు నొప్పి అంటోంది. అప్పటికే ఉద్యోగం నుంచి దిగిపోయిన మేడంకు ఫోను చేశాను.

“నేను పశువుల డాక్టర్నప్పా, మనుషుల సంగతి నాకు తెలీదు. చేతులు చల్లగుండాయని నువ్వే అంటాండావు. ఫోను పెట్టేసి ఆసుపత్రికి పో.”

జ్వరం దిగిన ఈ ఒకటి రెండు రోజులే ప్రమాదమని, సమయానికి తెచ్చారని ఆసుపత్రిలో డాక్టరు అన్నారు.

కోలుకున్న పిల్లను తీసుకుని మేడం దగ్గరికి వెళ్లాను. “ఆ రోజు ముల్లు సంగతి మీకెట్ల తెలిసింది మేడం?” అని అడిగాను.

“నాకేం తెలుసప్పా కార్ల గురించి! ఎందుకు దిగిందో నీకూ తెలీలేదు, నాకూ తెలీలేదు. అందుకే ఆపమన్నా. ఆటోలో పోతా ఉన్నంతసేపూ నాకు భయమే. బండి బాగుండి, ఆవు చచ్చింటే, ఫోనులో ఏడ్చిన ఆ యమ్మకు ఏం చెప్పుకునేదాన్ని?”

ఆమెకు భయమే లేదని ఆరేళ్లూ అనుకున్నాను. ఇప్పుడు నన్ను ఇంట్లో పిరికివాడంటారు. అననీ. కారణం తెలియకుండా కుదుటపడిన దేన్నీ నేను నమ్మలేను. బండి పక్కకు తీసి, దిగి చూస్తాను.