నిలబడి చదివే అక్షరాలు

నాకు ముక్కు మీద కోపం. ఆ కోపం తల వంచింది ఒక్క మా ఉస్తాద్ ముందే. భద్రాచలం బస్టాండ్ పక్క సందులో ఆయన బోర్డులు రాసేవారు. నేను నాలుగేళ్లు ఆయన దగ్గర పట్టీ బ్రష్ పట్టడం నేర్చుకున్నాను. అన్నిటికంటే కష్టపడి నేర్చుకున్నవి, పెయింటర్లు ఓల్డ్ ఇంగ్లిష్ అని పిలిచే అక్షరాలు. నల్లగా, బరువుగా, ఒంపు రావలసిన చోటల్లా విరిగినట్టు మూలలు తేలి ఉంటాయి. చర్చి పెళ్లి కార్డు మీదా, స్కూలు సర్టిఫికెట్ మీదా, సమాధి రాయి మీదా ఎంత హుందాగా ఉంటాయో చెప్పలేను. మాటకు ఒక్కటే పెద్దక్షరం, మిగతావన్నీ చిన్నవి ఉండాలని ఉస్తాద్ నియమం. అన్నీ పెద్దవే పేర్చితే వాటిని రాసినవాడు కూడా చదవలేడట.

ఎవరైనా ఆటో వెనక ఆ అక్షరాలతో పేరు రాయమంటే ఆయన బ్రష్ కింద పెట్టేసేవారు. "ఇది నిలబడి సదివేటోళ్ల అక్షరం బేటీ. ఉరికే బండికి వద్దు," అనేవారు. ఆయనదంతా చాదస్తమనుకునేదాన్ని.

తర్వాత నేను కటింగ్ మెషిన్ కొని అదే సందులో రేడియం స్టిక్కర్ల షాపు పెట్టాను. పెద్ద బండ్లవాళ్లు వచ్చి నంబర్ ప్లేటు ఆ అక్షరాల్లోనే కావాలనేవారు. కంపెనీ ప్లేటు ఊడదీసి ఇంట్లో పడేసి, నా ప్లేటు బిగించుకునేవారు. అది తప్పని నాకు తెలుసు. నేను కాదంటే ఖమ్మం పోయి చేయించుకుంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పైగా గొప్ప కోసం ఏడు అంకె కాలికి ఒక చిన్న కొక్కెం తగిలించేదాన్ని. నేర్చుకునే రోజుల్లోనే ఆ కొక్కెం చూసి ఉస్తాద్ నవ్వేవారు.

ఒక రోజు పొద్దున కరకట్ట దగ్గర ఎవరికో యాక్సిడెంట్ అయిందని షాపు ముందు అరుపులు వినిపించాయి. పోయి చూద్దును కదా, రోడ్డంతా నీలం పెయింట్. దాని మధ్యలో మా ఉస్తాద్. రోడ్డు దాటుతుంటే ఒక పెద్ద బండి గుద్ది, ఆగకుండా పోయిందట. కుడి మోచేయి నుజ్జయింది. బ్రష్ పట్టే చేయి.

కానిస్టేబుల్ బండి నంబర్ అడుగుతున్నాడు. నలుగురు చూశారు, నలుగురూ తల అడ్డంగా ఊపారు. చివరికి టీ హోటల్ ఆమె అంది: "నంబరున్నది సారూ. గని అది ముళ్లకంప లెక్కున్నది. ఎట్ల సదవాలె?"

ఈ ఊళ్లో ఆ ముళ్లకంపను కోసే మెషిన్ నా దగ్గర తప్ప లేదు. ఉస్తాద్ తలను ఒళ్లో పెట్టుకుని ఆటోలో దవాఖానా దాకా పోయాను. నోరు మాత్రం తెరవలేదు. సిగ్గుచేటు గానీ చెప్పాలి, ఆ క్షణంలో ఆయన చేయి కంటే ముందు నా షాపు గుర్తొచ్చింది.

ఆపరేషన్ చేయాలన్నారు. మళ్లీ బ్రష్ పట్టగలరో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఉస్తాద్ సంచీ తేవడానికి సందులోకి వచ్చి, కాళ్లు లాక్కుపోయినట్టు నా షాపులో దూరాను. అంతలో ఫోన్ మోగింది. ఒక నెల కింద ప్లేటు చేయించుకున్నాయన.

"అక్కా, గా ప్లేటు ఊడదీసి మామూలు నంబరెయ్యాలె. జల్దీ కావాలె."

ఎందుకని అడగలేదు. సాయంత్రం రమ్మన్నాను. కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే రెండు ఏడు అంకెలు, రెండు కొక్కేలు. అతను ఆ ప్లేటు పారేస్తాడు, నేను ఫైలు తుడిచేస్తాను, అంతటితో ఎవరికీ ఏమీ తెలియదు. తుడిచే బటన్ మీద వేలు పెట్టాను కూడా. అప్పుడే దవాఖానా నుంచి కబురొచ్చింది, ఉస్తాద్ నన్ను పిలుస్తున్నారని. ఫైలు అట్లాగే వదిలి పోయాను.

వార్డు బయట బల్ల మీద కానిస్టేబుల్ కాగితాలు రాసుకుంటున్నాడు. నేను తల వంచుకుని లోపలికి పోయాను. ఉస్తాద్ చేయి కట్లలో దిండంత లావుంది. దగ్గరికి రమ్మని కళ్లతో సైగ చేశారు.

"గా నంబరు నేను సదివిన బేటీ," అన్నారు మెల్లగా. "కింద పడి సూస్తున్న, బండి పోతనే ఉంది. ఏడుకు కొక్కెమున్నది."

నాకు ఏడుపొచ్చింది.

"ఊళ్లె గది సదవొచ్చేది ఇద్దరికే. రాసినోళ్లకు, నేర్పినోళ్లకు. సారు అడిగితే కండ్లు తిరిగినయ్, కనవడలే అన్న."

అంతే అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే నేను కూడా ఎదురు ఏదో అనేసి, కోపంతోనే ఇంటికి పోయేదాన్నేమో. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు. నా కోసం అబద్ధమాడిన మనిషికి దుప్పటి సరిగా కప్పాను.

బయటికొచ్చి కానిస్టేబుల్ ముందు నిలబడి, బండి నంబర్ మొదటి అక్షరం నుంచి చివరి అంకె దాకా చెప్పాను. ఆయన రాసుకుంటూ రాసుకుంటూ పెన్ను ఆపాడు.

"ఎవలకూ సదవరాలేదంటిరి గద. నీకెట్ల తెలుసమ్మా?"

"ఆ ప్లేటు నేనే కోసిన సారూ," అన్నాను. "మా ఉస్తాద్ వద్దన్న పని, నేనే చేసిన."