దిగుడుబావిలో నా కాలు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కమలాపురం దగ్గర మా ఊళ్లో తాగేది దిగుడుబావి నీళ్లే. కడవ ముంచాలంటే మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగాల్సిందే.

ఒక ఏడు తొలకరికి ముందు నా మడమ పైన పొక్కు లేచి, పగిలి, తెల్లటి దారంలాంటి నారిపురుగు తల బయటపెట్టింది. దాన్ని పుల్లకు చుట్టి, తెగకుండా రోజుకింత లాగాలి. మంటకు తాళలేక నేను మూలుగుతుంటే మా అమ్మ, "బాయికాడికి పోదాం పా నాయనా, నీళ్లలో పెడితే సల్లగుంటాది," అని భుజం పట్టి నడిపించింది. మా ఊళ్లో అందరూ చేసేది అదే. నేను మెట్టు మీద కూర్చుని కాలు నీళ్లలో పెట్టుకుంటే, పక్కనే ఆడవాళ్లు కడవలు ముంచుకుని పోయేవాళ్లు. పది రోజులు అట్లే చేసినాను.

మరుసటి ఏడు సరిగ్గా విత్తే వేళకు నాతో సహా మా వీధంతా మంచాన పడింది. మా అమ్మకు రెండు కాళ్లకూ లేచింది. తర్వాత ఊరికొచ్చిన టీకాలాయన చెప్పినాడు, నీళ్లు తగిలితే ఆ పురుగు పిల్లల్ని వదులుతుందని, ఆ నీళ్లు తాగినవాళ్లకు ఏడాదికి లేస్తుందని.

వాన లేకనే మా సీమ పేదదైందని చదువుకున్నోళ్లు ఇప్పటికీ నాకు చెప్తుంటారు. వింటే ఒళ్లు మండుతుంది. మేం మంచాల మీదున్న ఆ ఏడు వాన అదునుకే కురిసింది. విత్తనాలేసే గొర్రు పట్టి నిలబడగలిగిన మనిషి మా వీధిలో లేడు. తడిసిన చేలు తడిసినట్టే ఆరిపోయినాయి.